ఈసీ షెడ్ వెంటిలేషన్ కంట్రోలర్: అవుట్‌పుట్ సెట్టింగులు సరిచేసిన ఒక కేసు

షాద్‌నగర్ వైపు ఒక బ్రాయిలర్ ఈసీ షెడ్, అంటే లోపలి వేడి, గాలి, తేమ యంత్రాలతో అదుపు చేసే మూసిన షెడ్. పొడవు 400 అడుగులు, వెడల్పు 40. బ్యాచ్‌కు సుమారు 20,000 పిల్లలు దిగుతాయి. ఒక చివర గోడకు 50 అంగుళాల ఫ్యాన్లు పది, రెండో చివర రెండు పక్కలా, నీటితో తడిసి లోపలికొచ్చే గాలిని చల్లబరిచే కూలింగ్ ప్యాడ్లు. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు కనీస గాలి కోసం పక్క గోడకు 36 అంగుళాల ఫ్యాన్లు రెండు. గోడల పొడవునా పైభాగంలో గాలి లోపలికి వచ్చే ఇన్‌లెట్ తలుపులు, వాటన్నిటినీ ఒకే స్టీలు తాడుతో లాగే మోటారు. పిల్లలకు వెచ్చదనం ఇచ్చే గ్యాస్ బ్రూడర్లు, ప్యాడ్ పంపులు, సైరన్. వీటన్నిటినీ నడిపేది ప్యానెల్ గదిలో గోడకు బిగించిన ఒక కంట్రోలర్.

ఆ రైతుకు మూడు ఇబ్బందులు ఉండేవి. మొదటి రెండు వారాల్లో నేల మీద పరిచిన ఊక తడిసి, ఉదయం తలుపు తీయగానే అమ్మోనియా కళ్లకు కొట్టేది. ఎండాకాలం కరెంటు పోయి జనరేటర్ అందుకోగానే అది ట్రిప్ అయ్యేది. మూడోది భయపెట్టేది: ఒక మధ్యాహ్నం కంట్రోలర్ పవర్ సప్లయి కాలిపోయి స్క్రీన్ ఆరిపోయింది, ఫ్యాన్లన్నీ ఆగాయి, సైరన్ మాత్రం మోగలేదు. ఫ్యాన్ల మోత ఆగిందని గమనించిన పనివాడు పరుగెత్తుకెళ్లి ప్యానెల్‌లో మాన్యువల్ స్విచ్‌లు వేయబట్టి కోళ్లు చాలావరకు దక్కాయి. అప్పటికి వాటి వయసు ఐదు వారాలు. ఆ వయసు కోళ్లున్న మూసిన షెడ్‌లో ఎండ వేళ గాలి ఆగితే పావుగంట, ఇరవై నిమిషాలకే చావులు మొదలవుతాయి.

ఊక గురించి ఫీల్డ్ సూపర్‌వైజర్‌ను, జనరేటర్ గురించి మెకానిక్‌ను, సైరన్ గురించి ఎలక్ట్రీషియన్‌ను పిలిచారు. ముగ్గురూ తమ పరిధిలో ఉన్నది చూసి వెళ్లారు. కానీ మూడు సమస్యల మూలాలూ కంట్రోలర్‌లో ఒకే చోట, అవుట్‌పుట్ సెట్టింగుల పేజీల్లో ఉన్నాయి. కంట్రోలర్ బిగించిన రోజున ఉష్ణోగ్రతలు మాత్రం జాగ్రత్తగా ఎక్కించారు. ఏ అవుట్‌పుట్ ఏ యంత్రానికి, ఎంత వోల్టేజీతో, ఎంతసేపు, ఎవరి తర్వాత ఎవరు, కంట్రోలర్ చచ్చిపోతే ఏం కావాలి అనే వివరాలు చాలావరకు ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉండిపోయాయి.

చివరికి రైతు నన్ను పిలిస్తే, బ్యాచ్ ఎత్తేశాక, పిల్లలు దించే ముందు వస్తానని చెప్పాను. ఇలాంటి పని ఖాళీ షెడ్‌లోనే చేయాలి. లోపల కోళ్లుంటే ఒక్కో అవుట్‌పుట్‌ను ఆపి చూడలేం, కంట్రోలర్ పవర్ తీసి పరీక్షించలేం.

ముందు షెడ్ బిగువు

కంట్రోలర్ జోలికి వెళ్లకముందు ఇన్‌లెట్లు, కర్టెన్లు, తలుపులు అన్నీ మూయించి, ఒక్క 50 అంగుళాల ఫ్యాన్ వేసి, గాలి ఒత్తిడి కొలిచే మ్యానోమీటర్ పెట్టాను. ఈ కొలతల షెడ్‌లో కనీసం 37 పాస్కల్ నెగెటివ్ ప్రెషర్ రావాలి, అంటే లోపలి ఒత్తిడి బయటి కంటే అంత తగ్గాలి. వచ్చింది 12. అంటే ఫ్యాన్ లాగే గాలిలో చాలాభాగం మనం అనుకున్న తలుపుల్లోంచి కాక సందుల్లోంచి వస్తోంది. చేతిలో ఊదుబత్తి పట్టుకుని గోడ వెంట నడిస్తే ఆ సందులు ఎక్కడున్నాయో పొగే చూపించింది. ప్యాడ్ వైపు కర్టెన్ అడుగు అంచు, గేటు కింది ఖాళీ, ఆగి ఉన్న ఫ్యాన్ల షట్టర్లు. షట్టర్ రెక్కల ఇరుసుల్లో ఈకల దుమ్ము పేరుకుని సగం తెరుచుకునే ఉండిపోయాయి. వాటిని కడిగి, కర్టెన్ అంచుకు పట్టీ వేసి, గేటుకు రబ్బరు బిగించాక అదే ఫ్యాన్‌తో 40 పాస్కల్ వచ్చింది.

ఇది అవుట్‌పుట్ సెట్టింగుల వ్యాసంలో ఎందుకంటే, లీకేజీ ఉన్న షెడ్‌లో ఏ సెట్టింగ్ పెట్టినా అది అబద్ధమే అవుతుంది. ఇన్‌లెట్ 15 శాతం తెరవమని అంకె వేస్తాం, గాలి మాత్రం గేటు కిందనుంచి వచ్చి నేల మీద పిల్లలకు తగులుతుంది.

కాగితం మీద ఒక్కో అవుట్‌పుట్

తర్వాత ఒక కాగితం మీద మూడు గడులు గీశాం. అవుట్‌పుట్ నంబరు, కంట్రోలర్‌లో దానికి ఇచ్చిన పని, నిజంగా కదిలిన యంత్రం. రైతు ప్యానెల్ దగ్గర, నేను షెడ్ లోపల, మధ్యలో ఫోను. టెస్ట్ మోడ్‌లో ఒక్కో రిలేను, అంటే అవుట్‌పుట్‌ను కలిపే చిన్న స్విచ్‌ను, ఆన్ చేయించి, కదిలినదాన్ని కళ్లతో చూసి రాసుకున్నాం. చాలామంది టెక్నీషియన్లు స్క్రీన్ మీద గుర్తు తిరగడం చూసి సరే అనుకుంటారు. ఆ గుర్తు చెప్పేది కంట్రోలర్ ఆర్డర్ ఇచ్చిందని మాత్రమే. ఆ ఆర్డర్ మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టర్ దాకా చేరిందా, మోటారు తిరిగిందా, సరైన దిక్కుకు తిరిగిందా అన్నది యంత్రం దగ్గర నిలబడితేనే తెలుస్తుంది.

ఆ కాగితంలో తేడాలు తేలాయి. రెండు పెద్ద ఫ్యాన్ల తీగలు తారుమారయ్యాయి, అది పెద్ద విషయం కాదు, మార్చేశాం. అసలైన తేడా పంపుది. ప్యాడ్ పంపు ఉన్న రిలేకు ‘కూలింగ్’ అని కాకుండా ‘ఫ్యాన్ స్టేజ్’ అని, అంటే వేడిని బట్టి వరుసగా వచ్చే ఫ్యాన్లలో ఒకటి అన్నట్టు, పని ఇచ్చారు. ఉష్ణోగ్రత చేరగానే పంపు తిరిగేది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. కానీ ఈ కంట్రోలర్‌లో తేమ ఎక్కువైతే ఆపే లాక్, పంపు ఆన్-ఆఫ్ టైమర్, రాత్రి పూట ప్యాడ్ ఆరబెట్టే ఏర్పాటు కూలింగ్ అని పేరు పెట్టిన అవుట్‌పుట్‌కే వర్తిస్తాయి. ఫ్యాన్ స్టేజ్ అన్న పేరుతో వానాకాలమంతా ఆ పంపు ఏ అడ్డూ లేకుండా నడిచింది.

15 శాతం అని చూపిస్తూ మూసి ఉన్న తలుపులు

ఇన్‌లెట్ దగ్గరకొచ్చేసరికి రైతు తన అనుమానం బయటపెట్టాడు. “స్క్రీన్ మీద 15 శాతం తెరిచినట్టే ఉంటది సార్. లోపలికి పోయి చూస్తే తలుపు సందుల వేలు కూడ పట్టదు. స్క్రీనును నమ్మాల్నా, కండ్లను నమ్మాల్నా?”

“కండ్లనే నమ్మన్నా,” అని మల్టీమీటర్ తీసి ఇన్‌లెట్ మోటారు టెర్మినళ్ల దగ్గర పెట్టాను. కంట్రోలర్‌లో 15 శాతం పెడితే మీటరు మీద 1.5 వోల్ట్. 20 పెడితే 2 వోల్ట్. మోటారు కదల్లేదు. 25 పెడితే 2.5 వోల్ట్ వచ్చింది, అప్పుడు మోటారు కొద్దిగా మూలిగి తాడు బిగిసింది. మోటారు మీది ప్లేటు తుడిచి చదివితే సంగతి తేలింది. మోటారు 2 నుంచి 10 వోల్ట్ సిగ్నల్‌కు తయారైంది. కంట్రోలర్ అవుట్‌పుట్ 0 నుంచి 10 వోల్ట్‌కు సెట్ అయి ఉంది. కాబట్టి కంట్రోలర్ భాషలో 20 శాతం అంటే మోటారుకు సున్నా. 40 శాతం అంటే 4 వోల్ట్, మోటారు లెక్కలో 25 శాతం. పైకి వెళ్లేకొద్దీ తేడా తగ్గుతుంది, 100 దగ్గర ఇద్దరి లెక్కా కలుస్తుంది. అందుకే పెద్ద కోళ్లప్పుడు, తలుపులు బాగా తెరిచి ఉన్నప్పుడు ఈ లోపం ఎవరి కంటా పడలేదు. మొదటి రెండు వారాలు, తలుపులు 10, 15 శాతం మధ్య ఉండాల్సిన రోజుల్లో మాత్రం అవి పూర్తిగా మూసుకునే ఉన్నాయి.

సిగ్నల్‌ను 2 వోల్ట్ నుంచి మొదలుపెట్టడంలో ఒక మంచి ఉపాయం ఉంది. తీగ తెగితే మోటారు దగ్గర 0 వోల్ట్ వస్తుంది. మామూలుగా 2 కంటే తక్కువ ఎప్పుడూ రాదు కాబట్టి, ‘మూసెయ్’ అన్న ఆర్డర్‌కూ తీగ తెగడానికీ తేడా పట్టుకోవచ్చు. అందుకే మోటారును 0-10కి మార్చే వీలున్నా నేను దాన్ని కదపలేదు. కంట్రోలర్ అవుట్‌పుట్ సెట్టింగ్‌లో కనిష్ఠం 2 వోల్ట్, గరిష్ఠం 10 వోల్ట్ పెట్టాను. ఇప్పుడు 15 శాతానికి 3.2 వోల్ట్ వస్తోంది. ఈ కొలత కంట్రోలర్ దగ్గర కాక మోటారు దగ్గరే తీసుకోవాలి. పొడవాటి తీగలో జాయింటు వదులైతే ఆ సంగతి అక్కడే బయటపడుతుంది.

అంతటితో అయిపోలేదు. 15 శాతంలో మోటారు పక్కనున్న తలుపు 4 సెంటీమీటర్లు తెరుచుకుంటే అవతలి చివర తలుపు ఒక సెంటీమీటరు దాటలేదు. ఏడాదిగా లాగి లాగి తాడు సాగింది. తాడు బిగించే టర్న్‌బకిళ్లు తిప్పి, స్కేలుతో ఒక్కో తలుపూ కొలిచి సమం చేశాక, అప్పుడు మోటారు సున్నా, వంద స్థానాలు కంట్రోలర్‌కు మళ్లీ నేర్పించాం. ఈ క్రమం తిరగేస్తే, అంటే ముందు క్యాలిబ్రేట్ చేసి తర్వాత తాడు బిగిస్తే, చేసిన క్యాలిబ్రేషన్ వృథా.

ఇన్‌లెట్‌ను ఇన్నాళ్లూ శాతాల పట్టికతో నడిపారు. ప్రెషర్ సెన్సార్ ఉన్నా వాడలేదు, దాని గొట్టం బయటి కొస ఎండగాలికి ఎదురుగా ఉండి రీడింగ్ ఊగేది. ఆ కొసను గాలి తగలని అటక లోపలికి మార్చి, ప్రెషర్ కంట్రోల్‌కు పెట్టాం. లక్ష్యం 20 పాస్కల్, అటూ ఇటూ 3 పాస్కల్ దాకా కదలవద్దని డెడ్‌బ్యాండ్. 20 పాస్కల్ దగ్గర గాలి తలుపు సందులోంచి సెకనుకు సుమారు 5 మీటర్ల వేగంతో వచ్చి, పైకప్పు వెంట షెడ్ నడిమి దాకా వెళ్లి, అక్కడి వెచ్చని గాలితో కలిసి దిగుతుంది. వేగం లేకపోతే చల్లగాలి తలుపు కిందే రాలిపోయి గోడ వెంట ఊకను తడుపుతుంది. ఈ షెడ్‌లో తడి అంతా గోడల పక్కనే ఉండటానికి కారణం అదే.

కనీస గాలి లెక్క

మొదటి వారాల గాలికి పాత సెట్టింగ్: ఒక 50 అంగుళాల ఫ్యాన్, పది నిమిషాలకోసారి 30 సెకన్లు. రెండు తప్పులున్నాయి ఇందులో. తొమ్మిదిన్నర నిమిషాలు గాలి కదలకపోతే ఆ వ్యవధిలో తేమ, అమ్మోనియా నేల దగ్గర పేరుకుంటాయి. తర్వాత అంత పెద్ద ఫ్యాన్ ఒక్కసారిగా లాగితే, గాలి సర్దుకునేలోపే 30 సెకన్లు అయిపోతాయి.

లెక్క ఇలా వేశాం. మొదటి వారం పిల్లకు 0.1 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపుటడుగుల గాలి) చొప్పున 20,000 పిల్లలకు 2,000 సీఎఫ్‌ఎం. ఒక 36 అంగుళాల ఫ్యాన్ సుమారు 10,000 ఇస్తుంది. ఐదో వంతు సమయం నడిస్తే చాలు. ఐదు నిమిషాల సైకిల్‌లో 60 సెకన్లు ఆన్, 240 ఆఫ్. రెండో వారం పిల్లకు 0.25 అంటే 5,000 సీఎఫ్‌ఎం, రెండు ఫ్యాన్లూ కలిపి 75 సెకన్లు. మూడో వారం 0.35 అంటే 7,000, రెండూ కలిపి 105 సెకన్లు. సైకిల్ మాత్రం ఎప్పుడూ ఐదు నిమిషాలే, మార్చేది ఆన్ టైము ఒక్కటే. మొదటి వారం ఒక్క ఫ్యాన్‌తో ప్రెషర్ నిలవడానికి ఒకటి విడిచి ఒకటి ఇన్‌లెట్ తలుపుకు గడియ పెట్టించాను. తక్కువ తలుపులు ఎక్కువగా తెరుచుకోవడం, ఎక్కువ తలుపులు సన్నగా తెరుచుకోవడం కంటే మంచిది. సన్నటి సందులోంచి వచ్చిన గాలి దూరం పోదు.

ఇవి మొదలుపెట్టే అంకెలు మాత్రమే. తెల్లవారుజామున షెడ్‌లో తేమ 70 శాతం దాటితే ఆన్ టైము 15 సెకన్లు పెంచమని, అమ్మోనియా 20 పీపీఎం దాటనివ్వొద్దని రైతుకు చెప్పాను. చలికాలం గ్యాస్ ఖర్చు చూసి గాలి తగ్గించడం అందరూ చేసే పనే. దాన్ని నేను గట్టిగా వద్దంటాను. ఆ గ్యాస్ డబ్బు తడి ఊకలో, కాళ్ల పుండ్లలో, దగ్గుతున్న కోళ్ల మందుల్లో రెండింతలై పోతుంది.

గ్యాస్ వృథాకు ఇంకో కారణం అవుట్‌పుట్ పేజీలోనే దొరికింది. బ్రూడర్ ఆగే ఉష్ణోగ్రత, మొదటి ఫ్యాన్ స్టేజ్ మొదలయ్యే ఉష్ణోగ్రత రెండూ లక్ష్యం మీద అర డిగ్రీ దగ్గరే ఉన్నాయి. ఒకటి వేడి చేస్తుంటే ఇంకొకటి ఆ వేడిని బయటికి నెట్టేది. బ్రూడర్ లక్ష్యానికి ఒక డిగ్రీ కింద వెలిగి, 0.3 డిగ్రీ కింద ఆరిపోయేలా, ఫ్యాన్ లక్ష్యం మీద ఒక డిగ్రీ దాటాకే వచ్చేలా ఎడం చేశాం.

జనరేటర్ ఎందుకు పడిపోయేది

పెద్ద ఫ్యాన్ల మోటార్లు 1.5 హెచ్‌పీవి. త్రీ ఫేజ్‌లో ఒక్కొక్కటి నడుస్తున్నప్పుడు 2.5 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. పది కలిపినా 25. ఇక్కడున్న 40 కేవీఏ జనరేటర్ 55 ఆంపియర్ల దాకా ఇవ్వగలదు. కాగితం మీద సగం కూడా కాలేదు. కానీ డైరెక్ట్ స్టార్టింగ్‌లో మోటారు మొదలయ్యే క్షణాన మామూలుకంటే ఆరు రెట్ల కరెంటు లాగుతుంది. పదీ ఒకేసారి లేస్తే 150 ఆంపియర్లు. వోల్టేజీ కుంగి కాంటాక్టర్లు టకటకలాడేవి, అవి వదిలి మళ్లీ పట్టుకునేసరికి మోటార్లు మళ్లీ మొదటి నుంచి లేవాలి. మెకానిక్ జనరేటర్ గవర్నర్‌ను సర్ది వెళ్లాడు, దాని తప్పేమీ లేదు.

కంట్రోలర్‌లో రెండు అవుట్‌పుట్ల మధ్య ఆలస్యం అనే సెట్టింగ్ సున్నాలో ఉంది. 8 సెకన్లు పెట్టాం. పవర్ వచ్చాక మొదటి అవుట్‌పుట్ వేసేముందు ఆగే సమయం 20 సెకన్లు. పది ఫ్యాన్లూ పూర్తిగా లేవడానికి రెండు నిమిషాలలోపే పడుతుంది, పెద్ద కోళ్లకు అది ప్రమాదం కాదు. జనరేటర్ మీద ఈసారి శబ్దం కూడా పెద్దగా మారలేదు.

కాంటాక్టర్లు విప్పి చూస్తే కాంటాక్టులు గుంటలు పడి నల్లబడి ఉన్నాయి. దానికి ఇంకో సెట్టింగ్ కూడా బాధ్యత వహించాలి. స్టేజ్ ఆన్, ఆఫ్‌ల మధ్య తేడా 0.2 డిగ్రీలే పెట్టారు. సెన్సార్ దగ్గర ఒక గాలి తెర వచ్చి పోయినా ఫ్యాన్ ఆగి మొదలయ్యేది. దాన్ని 0.8 చేసి, ఒకసారి మొదలైన ఫ్యాన్ కనీసం రెండు నిమిషాలు నడవాలని పెట్టాం. కాంటాక్టులు మార్పించాం.

ఫ్యాన్ల వరుసలో ఒకటే మార్పు. 14 రోజుల లోపు పిల్లలున్నప్పుడు టన్నెల్ ఫ్యాన్లు, అంటే చివర గోడకున్న పెద్ద ఫ్యాన్లు, రాకుండా వయసు లాక్, మరీ వేడెక్కితే తప్ప. సెన్సార్ చూసేది గాలి వేడి మాత్రమే. ఆ గాలి వేగంగా తగిలితే ఈకలు రాని పిల్లకు ఎంత చలేస్తుందో దానికి తెలియదు.

పంపు, తేమ లాక్, లాక్ మీద ఇంకో తాళం

మే నెల మధ్యాహ్నం బయట 42 డిగ్రీలు, తేమ 20 శాతం అనుకుందాం. ఆ గాలికి వెట్ బల్బ్, అంటే నీరు ఆవిరై గాలి దిగగలిగే కనిష్ఠ ఉష్ణోగ్రత, సుమారు 24. మంచి ప్యాడ్ ఆ 18 డిగ్రీల తేడాలో నాలుగింట మూడొంతులు తగ్గించగలదు, లోపలికి 28, 29 డిగ్రీల గాలి వస్తుంది. అదే ఆగస్టులో బయట 31 డిగ్రీలు, తేమ 85 శాతం ఉంటే ప్యాడ్ తగ్గించేది మహా అయితే ఒకటిన్నర రెండు డిగ్రీలు. బదులుగా గాలిని తేమతో నింపేస్తుంది. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి ఒగరుస్తూ ఊపిరితోనే వేడి వదులుకుంటుంది. చుట్టూ తేమ నిండితే ఆ దారి మూసుకుపోతుంది. వానాకాలం పంపు నడిపి కోళ్లు ఇంకా ఎందుకు ఒగరుస్తున్నాయని అడిగే రైతులను చాలామందిని చూశాను.

పంపు రిలేను కూలింగ్‌గా మార్చి ఇలా పెట్టాం. పది ఫ్యాన్లూ నడుస్తుండగానే, 29 డిగ్రీలు దాటాకే పంపు రావాలి. ఒక నిమిషం ఆన్, నాలుగు నిమిషాలు ఆఫ్‌తో మొదలై, వేడి పెరిగితే ఆన్ టైము పెరగాలి. షెడ్ తేమ 75 శాతం దాటితే ఆగాలి. రాత్రి ప్యాడ్ పూర్తిగా ఆరాలి, లేకపోతే పాచి పడుతుంది.

తేమ లాక్‌లో ఒక ప్రమాదం ఉంది. తేమ సెన్సార్లు షెడ్ కడిగే నీళ్లకు, ఫార్మాలిన్ పొగకు త్వరగా చెడిపోతాయి. చెడిన సెన్సార్ తరచుగా 100 దగ్గర ఇరుక్కుంటుంది. మే నెలలో అది 100 చూపిస్తే కంట్రోలర్ బుద్ధిగా పంపును ఆపేస్తుంది, షెడ్ ఉడికిపోతుంది. అందుకే లోపల 34 డిగ్రీలు దాటితే తేమ ఎంత చూపించినా లాక్‌ను పట్టించుకోవద్దని పెట్టాం. క్లీనింగ్ ముందు సెన్సార్ విప్పి ప్యానెల్ గదిలో పెట్టడం పనివాళ్లకు నేర్పించాం.

కంట్రోలర్ చచ్చిపోతే

నేను ఎక్కువ సమయం పెట్టింది ఇక్కడే. ఆ మధ్యాహ్నం సైరన్ ఎందుకు మోగలేదంటే, అలారం రిలే సెట్టింగ్ ‘అలారం వస్తే ఆన్’ అని ఉంది. ప్రమాదం వచ్చినప్పుడు కంట్రోలర్ ఆ రిలేకు కరెంటు ఇచ్చి లాగాలి. పవర్ సప్లయే కాలిపోయిన కంట్రోలర్ దేన్ని లాగుతుంది?

దాన్ని తిరగేశాం. అంతా బాగున్నంతసేపూ రిలే లాగి పట్టి ఉండాలి, అలారం వచ్చినా, కరెంటు పోయినా, కంట్రోలర్ చచ్చినా వదిలేయాలి. సైరన్‌ను రిలే వదిలితే కలిసే కాంటాక్టుకు మార్చి, 12 వోల్ట్ బ్యాటరీ మీద పెట్టాం. ఇక్కడ సెట్టింగ్, వైరింగ్ రెండూ కలిసి మారాలి. ఒక్కటే మారిస్తే సైరన్ రోజంతా మోగుతుంది, విసిగిపోయి ఎవరో తీగ పీకేస్తారు. అన్నీ బిగించాక కంట్రోలర్ ఎంసీబీ కిందికి వేశాను. సైరన్ ఊరంతా వినిపించేలా మోగింది.

సైరన్ మోగితే మనిషి రావాలి. మనిషి వచ్చేలోపు గాలి ఉండాలి. దీనికి కొందరు ఫ్యాన్ రిలేలనే తిరగేస్తారు, కంట్రోలర్ చచ్చిపోతే పది ఫ్యాన్లూ వాటంతట అవే తిరిగేలా. ఐదు వారాల కోళ్లకు అది బాగానే ఉంటుంది. డిసెంబరు రాత్రి మూడు రోజుల పిల్లలున్నప్పుడు అదే జరిగితే తెల్లారేసరికి పిల్లలు చలికి కుప్పలు పడి చస్తాయి. కాబట్టి ఆ పని రిలేకు ఇవ్వకుండా, కంట్రోలర్‌తో సంబంధం లేని మెకానికల్ థర్మోస్టాట్‌కు ఇచ్చాం. నాలుగు పెద్ద ఫ్యాన్ల కాంటాక్టర్ కాయిల్స్‌కు కంట్రోలర్ రిలేతో సమాంతరంగా దాన్ని కలిపాం. షెడ్ లక్ష్యం కంటే 5 డిగ్రీలు పైకి వెళ్తే, కంట్రోలర్ ఏ ఆర్డరూ ఇవ్వకపోయినా ఆ నాలుగూ తిరుగుతాయి.

ఫ్యాన్లు తిరిగి గాలి వచ్చే దారి మూసి ఉంటే లాభం లేదు. కంట్రోలర్ చచ్చినప్పుడు ఇన్‌లెట్లు ఉన్నచోటే ఆగిపోతాయి, ప్యాడ్ కర్టెన్ మూసి ఉండొచ్చు. థర్మోస్టాట్ నుంచే ఒక అదనపు రిలే ద్వారా కర్టెన్ తెరిచే మోటారుకూ ఆర్డర్ వెళ్లేలా చేశాం, చివర లిమిట్ స్విచ్ దాన్ని ఆపుతుంది.

రైతు అంతా విని అడిగాడు. “గింత చిన్న థర్మోస్టాట్ ఇదంత చేస్తదంటే మరి లక్షలు పోసి కంట్రోలర్ ఎందుకు పెట్టినం సార్?”

“ఇది కోళ్లను చావకుండ చూస్తదన్నా, పెంచలేదు. రోజూ ఊక పొడిగ ఉండాలన్నా, గ్యాస్ తగ్గాలన్నా, వయసును బట్టి గాలి మారాలన్నా కంట్రోలరే కావాలె.”

ఈ థర్మోస్టాట్‌కు ఒక్క లోపం ఉంది. పిల్లల వయసుతో లక్ష్యం 33 నుంచి 21, 22 వైపు దిగుతుంటుంది, దీని ముల్లు మాత్రం ఎవరైనా చేత్తో తిప్పాలి. తిప్పకపోతే మొదటి వారం అంకె దగ్గరే ఉండిపోయి, ఐదో వారంలో చాలా ఆలస్యంగా పలుకుతుంది. ప్రతి సోమవారం మేత లెక్క రాసే పుస్తకంలోనే దీని అంకె కూడా రాయాలని గడి గీయించాను. ఎండాకాలం బయటి గాలే లక్ష్యం కంటే వేడిగా ఉంటుంది కాబట్టి, ముల్లు తక్కువలో ఉంటే నాలుగు ఫ్యాన్లూ రోజంతా తిరుగుతూనే ఉంటాయి. పెద్ద కోళ్లకు ఆ రోజుల్లో ఎలాగూ అవి తిరగాల్సినవే.

తర్వాతి బ్యాచ్

చలి ఇంకా ఉండగానే పిల్లలు దిగాయి. మూడో వారం వెళ్లి గోడ పక్క ఊక గుప్పిట్లో పట్టి పిసికి వదిలితే ముద్దకట్టకుండా రాలింది. అంతకుముందు అదే చోట చేతికి అంటుకునేది. షెడ్‌లోకి అడుగుపెట్టినప్పుడు కళ్లు మండలేదు. ఒక సాయంత్రం ఈదురుగాలికి కరెంటు పోతే జనరేటర్ అందుకుని ఆగకుండా నడిచిందని రైతు ఫోన్ చేసి చెప్పాడు.

కొత్తగా ఒక సమస్య వచ్చింది. గాలి బాగా వీచే మధ్యాహ్నాల్లో ప్రెషర్ ఊగి ఇన్‌లెట్ మోటారు పదే పదే కదులుతోంది. డెడ్‌బ్యాండ్‌ను 3 నుంచి 5 పాస్కల్‌కు పెంచి, కదలిక ముందు 10 సెకన్ల ఆలస్యం పెట్టాం. చాలావరకు సర్దుకుంది. ఇక ముందు కూడా ఊగితే సెన్సార్ గొట్టం బయటి కొసను రెండు పక్కల గోడలకూ చీల్చి కలపాల్సి ఉంటుంది.

అన్ని అవుట్‌పుట్ పేజీలనూ ఫోటోలు తీసి రైతు ఫోన్‌లో, నా దగ్గర ఉంచాం. మూడు గడుల కాగితాన్ని లామినేట్ చేయించి ప్యానెల్ తలుపు లోపలివైపు అంటించాం. ఎవరైనా ఫ్యాక్టరీ రీసెట్ కొడితే ఇన్‌లెట్ మళ్లీ 0-10కి, అలారం మళ్లీ పాత పద్ధతికి వెళ్లిపోతాయి. ఆ రెండింటి పక్కన ఎర్ర ఇంకుతో గీత గీశాం. ప్రతి బ్యాచ్‌కు ముందు, పిల్లల బండి రాకముందే, ఎంసీబీ దించి సైరన్ వినాలి, థర్మోస్టాట్ ముల్లు వెనక్కి తిప్పి నాలుగు ఫ్యాన్లూ లేచాయో లేదో చూడాలి. ఈ రెండు పరీక్షలూ చేసిన తేదీ, చేసినవాళ్ల పేరు ఆ కాగితం కిందే రాస్తున్నారు.